సెలెక్ట్ సూత్రము: సటీకాతాత్పర్యము

మూలము: సెలెక్ట్ స్టార్ ఫ్రమ్ కస్టమర్‌డీటెయిల్స్.

అవతారిక: ఒరాకిల్‌లో ఏళ్ల తరబడి కాపురమున్న టేబుళ్లను పోస్ట్‌గ్రెస్‌కు తరలించిన రాత్రి, పై మూలమును ప్రశ్నగా వేయగా, కంటి ఎదుటనున్న టేబులును చూపి యంత్రము ‘అట్టిది లేదు’ అనెను. కారణమడుగగా ఆర్కిటెక్టుగారు ‘కేస్ సెన్సిటివ్ కదండీ, డాక్యుమెంట్ చూడండి’ అని సెలవిచ్చి కాఫీకి లేచిరి. ఆ మూలమునకే ఈ టీక.

ప్రతిపదార్థము: సెలెక్ట్, సుగమము. స్టార్, అదియును సుగమమే. ఫ్రమ్ అనగా పంచమీ విభక్తి. వలనన్, కంటెన్, పట్టి. కస్టమర్‌డీటెయిల్స్ అను పదమును తెలుగున వ్రాసినచో ఏది పెద్దబడి అక్షరమో, ఏది చిన్నబడి అక్షరమో టీకాకర్తకే తెలియదు. ఇది మూలదోషము కాదు, మన లిపి చేసికొన్న పుణ్యము.

కేస్: విభక్తి అని భ్రమపడరాదు, కోర్టు వ్యాజ్యమును కాదు. సీసపు అక్షరములుంచు అచ్చుకూడపు అర. ఇంగ్లీషు కంపోజిటరు పెద్దబడిని పై అరలోను, చిన్నబడిని క్రింది అరలోను ఉంచుకొనెను. అతని చేతివాటమునకు మాకు నిద్ర లేదు.

వ్యాకరణ విశేషము: కొటేషన్ మార్కులు లేని పేరు పెద్దబడిగా మారునని ఎస్‌క్యూఎల్ ప్రమాణము. ఒరాకిల్ దానిని పాటించును. పోస్ట్‌గ్రెస్ తద్విరుద్ధముగా చిన్నబడిగా మార్చును. రెండును ఆదేశసంధులే. ‘రాముడు పోయె’ అన్నది గసడదవాదేశము చేత ‘రాముడు వోయె’ అగునట్లు. అయితే చిన్నయసూరి అక్కడ ‘బహుళము’ అని ఒక సందు విడిచెను. చేసినను సరే, మానినను సరే. ఈ యిద్దరూ బహుళమెరుగరు. ఎరిగినది మైఎస్‌క్యూఎల్: మామూలుగా టేబులు పేరుకు లినక్స్‌లో పట్టింపు కలదు, విండోస్‌లో లేదు, కాలమ్ పేరుకు ఎక్కడను లేదు. మడి వంటింటి వరకే! ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కొలేషన్ చెప్పినదే వేదము.

అరసున్న ప్రసంగము: అనవసరమైనది చెప్పనని కోలాచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టెను. మాకట్టి ప్రతిజ్ఞ లేదు. మనకు పెద్దబడి లేకున్నను పట్టింపు లేకపోలేదు. ఏడు అంకె, ఏఁడు సంవత్సరము. బండిఱకును అంతే: కరి ఏనుగు, కఱి నలుపు; కావున కఱికరి నల్లయేనుగు. నేటి చెవికి భేదము లేదు, కంటికి కలదు. ఈ సగము సున్నకై పండితులు కత్తులు దూసిరి. పిదప అచ్చుకూడములు దానిని మెల్లగా వదలివేసెను. కొంప మునిగిందా? ‘ఏడాదికి ఏడు సినిమాలు’ అంటే ఎవడూ తికమకపడడు. చదువరి సందర్భం చూస్తాడు. ఆ పాటి ఇంగితం లక్షలు పోసి కొన్న సర్వరుకు లేదే!

ప్రకృతమనుసరింతము.

శంక: ఆదేశము వచ్చినచో వచ్చుగాక, టేబులేల దొరకదు?

సమాధానము: తరలింపు సాధనము ఒరాకిల్ నాటి పెద్దబడి పేరును కొటేషన్ మార్కులలో బిగించి సృష్టించెను. కొటేషన్లలోని పేరు ప్రగృహ్యము వంటిది. దానికి సంధి లేదు. మా ప్రశ్నకు కొటేషన్లు లేవు గనుక అది చిన్నబడియై వెదకెను. పింగళి సూరన రాఘవపాండవీయమున ఒకే పద్యమునకు రెండు కథలు బుద్ధిపూర్వకముగా కుదిర్చెను. మా ప్రశ్నకు రెండర్థములు ఎవడూ కోరలేదు. ఇక ఆ పేరెత్తిన ప్రతివాడును, ఎత్తిన ప్రతిసారి, కొటేషన్లు పెట్టవలసినదే. ఆ సాధనం నడిపినవాడు ఇంకో ప్రాజెక్టుకి వెళ్లిపోయాడు. మేము ఇక్కడే ఉన్నాం. పోనీ అవైనా అంతటా ఒక్కటేనా? మైఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌టిక్కులు, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో చదరపు బ్రాకెట్లు!

తాత్పర్యము: పేరును చిన్నబడిలో, పదముల నడుమ అండర్‌స్కోర్‌తో, కొటేషన్లు లేక పెట్టుకొనుడు. పాత టేబులు పేరు మార్చుటకు ఒక్క ఆల్టర్ టేబుల్ వాక్యము చాలును. కాలమ్‌కు ఒకటి చొప్పున మరికొన్ని. అందుకు కావలసిన అనుమతి ఫారమును ఆర్కిటెక్టుగారికి పంపి మూడు వారములైనది. నిన్న తిరిగి వచ్చెను. క్యాపిటల్ లెటర్లలో నింపవలెనట.