సేవక నాయకత్వం, సర్వీస్ లిఫ్ట్

పుప్పాలగూడలో ఇప్పుడు వినయం కూడా రిజిస్ట్రేషన్ చేయించుకుంటేనే దొరుకుతోంది. ముందుగా పేరిచ్చిన వాళ్లకు రాయితీ, మధ్యాహ్నం బఫే, మెళ్లో ట్యాగు. ట్యాగు మీద పేరు, దాని కింద కంపెనీ, ఆ కింద హోదా. హోదా చిన్న అక్షరాల్లో పడితే కొందరు బ్రదర్స్ నొచ్చుకుంటారని నిర్వాహకులు అక్షరాల సైజు విషయంలో మహా జాగ్రత్తగా ఉంటారు. క్రైస్తవ ఉద్యోగుల సదస్సు ఇది. అంశం ఏమిటంటారా? సేవక నాయకత్వం.

విశ్వాసాన్ని ఆదివారం గుళ్లోనే వదిలేయకుండా సోమవారం ఆఫీసుకు కూడా వెంట తీసుకుపోవాలన్నది వాళ్ల మాట. మంచి మాటే. ఔటర్ దిగి నానక్‌రామ్‌గూడ వైపు తిరిగే లోపల మనిషికి ఎంత విశ్వాసం ఖర్చవుతుందో ఆ దారిన పోయే వాళ్లందరికీ తెలుసు. పేచీ మాట దగ్గర లేదు, ఆ తర్వాత వచ్చే బేసిన్ దగ్గర ఉంది.

ఈ సదస్సుల్లో క్లైమాక్సు పాదాలు కడగడం. వేదిక మీదికి స్టీలు బేసిన్, గోరువెచ్చని నీళ్లు, మడత విప్పని తువాలు వస్తాయి. వైస్ ప్రెసిడెంట్ గారు కోటు విప్పి, మోకాళ్లూని, తన టీములో అందరికన్నా చిన్న ఇంజినీరు పాదాలు కడుగుతారు. ఆ కుర్రాడికి సంగతి ముందే చెప్పి ఉంచుతారు కాబట్టి పొద్దున్నే రెండుసార్లు కాళ్లు కడుక్కుని, కొత్త సాక్సులేసుకుని వస్తాడు పాపం. కీబోర్డు తమ్ముడు మెల్లగా ఓ విషాద స్వరం అందుకుంటాడు. సరిగ్గా కన్నీళ్లొచ్చే సమయానికి ఫొటోగ్రాఫరు, "సార్, తువాలు కొంచెం ఇటు తిప్పి మళ్లీ ఒక్కసారి" అంటాడు. సారు మళ్లీ కడుగుతారు. సాయంత్రానికల్లా ఆ పాదాలు లింక్డ్‌ఇన్‌లో తేలతాయి.

సోమవారం అదే కుర్రాడు చెల్లెలి పెళ్లికి నాలుగు రోజులు సెలవడుగుతాడు. "ప్రార్థనలో పెడదాం బ్రదర్, రిలీజ్ దగ్గర పడింది కదా" అంటారు సారు. ఆ కుర్రాడికి రేటింగ్ తగ్గితే దేవుని చిత్తం. పెరిగితే సారు చొరవ. ఇన్నేళ్లలో ఈ లెక్క తలకిందులైన దాఖలా నాకు కనబడలేదు.

సరే, ఆఫీసు సంగతి వదిలేద్దాం. అక్కడ రిలీజులుంటాయి, అమెరికా క్లయింట్లుంటారు, దేవుడు కూడా అర్థం చేసుకుంటాడు. ఇంటికొద్దాం. ఆల్కాపూర్ టౌన్‌షిప్ నుంచి నార్సింగి దాకా లేచిన టవర్లలో ఏ లాబీలోకైనా వెళ్లి చూడండి. గోడకు అతికించిన కాగితం ఒకటి కనబడుతుంది: పనివాళ్లు, డెలివరీ వాళ్లు సర్వీస్ లిఫ్ట్ మాత్రమే వాడవలెను. కుక్కపిల్లల గురించి అసోసియేషన్‌లో చర్చ ఇంకా నడుస్తోంది. పనమ్మాయిల గురించి చర్చే రాలేదు, ఏకగ్రీవం. బేసిన్‌లో పాదాలు కడిగిన చేత్తోనే ఆ తీర్మానానికి చెయ్యెత్తిన పెద్దమనుషులు నాకు తెలుసు. తప్పు పట్టకండి. పాదాలు ఏడాదికోసారి కడగొచ్చు, లిఫ్టులో రోజూ పక్కన నిలబడాలి.

అలాంటి ఓ టవర్లో అంట్లు తోమే ఆమెది ఒంగోలు అవతల పల్లె. మూడు తరాలుగా క్రైస్తవ కుటుంబం, సండే స్కూల్లో వాక్యం కంఠస్థం చేసి బహుమతులు కొట్టిన మనిషి. ఆమె ఓ శనివారం అడిగింది: "అమ్మా, రేపు పొద్దున ఒక్క పూట వదిలితే చర్చికి పోయొస్తా." ఇంటావిడ పేరున్న సిస్టర్, మహిళా కూడికల్లో మాట్లాడతారు. "అయ్యో, రేపు మనింట్లోనే లీడర్‌షిప్ కూడిక ఉంది కదమ్మా! ఇరవై మంది వస్తారు. అయినా వాక్యం కిచెన్‌లోకి వినబడుతుందిలే" అన్నారు.

ఈ ముక్క ఎర్రగుంట్ల పేరయ్య వినుంటే ఏమనేవాడో. పేరయ్య ఒంగోలు ప్రాంతపు మాదిగ, తోళ్ల వ్యాపారి. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరేనాటికే క్రీస్తు మాట చెవిన పడి, అదేమిటో తేల్చుకుందామని వెతుక్కుంటూ వచ్చిన మనిషి. ఆ తర్వాత పల్లెపల్లెకూ తిరిగి ఆ సంగతి చెప్పింది ఆయనే. ఏ సదస్సూ ఆయనకు నాయకత్వం నేర్పలేదు, తోళ్లు కొనడానికి తిరిగిన దారులే చాలాయి. సంఘంలో చేరినవాళ్లకు పెట్టిన నియమాలు ముఖ్యంగా మూడు. విగ్రహాలకు మొక్కవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు, ఆదివారం పనికి పోవద్దు. మొదటి రెండూ పల్లె లోపలి వ్యవహారం. మూడోది మాత్రం నేరుగా ఆసామి కళ్లంలోకి వెళ్లి కూర్చుంది. వెట్టికి పిలిచినప్పుడు "ఇవాళ రాం" అనడం ఆ నోళ్ల నుంచి ఎవరూ ఎరగరు. కరణాలు, మునసబులు, ఆసాములు ఒక్కటై, బావులు కట్టేసి, పొలాల్లోకి రానివ్వకుండా చేసి వాళ్లను సతాయించారు. వీకెండ్‌ను ఐటీ కంపెనీలు విమానంలో తెచ్చాయనుకునే మన గచ్చిబౌలి మేధావులకు ఈ ముక్క ఎవరైనా చెప్పాలి.

తర్వాత 1876-78 నాటి ధాత కరువు. ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే మూడున్నర మైళ్ల ముక్కను క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. పాస్టరు గారు మట్టి కాంట్రాక్టరయ్యాడు! ఆయన బోధకులు మేస్త్రీలయ్యారు. ఒక్కొక్కరి కింద ఓ జట్టు, తవ్వేటప్పుడు కొలతలు, కూలి లెక్క, అలసి కూర్చున్నప్పుడు రెండు మంచి మాటలు. టీమ్ లీడ్ అంటే అదీ. కాలువ దగ్గరికి ఆకలితో వచ్చిన వేలమంది బాప్తిస్మం ఇమ్మన్నారు. క్లౌ ఇవ్వలేదు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని 15 నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. క్వార్టర్ చివర్లో నంబర్లు గుమ్మం ముందుకొచ్చి నిలబడితే రిజిస్టరు మూసేసిన మేనేజరును మన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో చూపించండి, నేనూ ట్యాగు వేసుకుంటాను.

కరువు సాయం పని ముగిశాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలోకి దిగింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. వేదిక, బ్యానర్ ఏమీ లేవు. దొర ఫొటోకు అడ్డం రాలేదు.

అలాగని దొరలకు హారతి పట్టనక్కర్లేదు. ఆ లోకాన్ని లోపల నుంచి చూసినవాడే 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో లేచి కడిగేశాడు. ఆయన తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. అప్పటికే నైజాం రాజ్యంలోని దోర్నకల్‌లో పనిచేస్తూ తెలుగు నేర్చుకున్నాడు. మీరు త్యాగాలు చేశారు, ఆస్తులిచ్చారు, సంతోషమే, మాకు స్నేహితులు కూడా కావాలి అన్నది ఆయన ఉపన్యాస సారం. జీతమిచ్చే దొర, జీతం పుచ్చుకునే మనిషి అన్న తీరుతో ఎన్నాళ్లని అడిగాడు. భారతీయ సహోద్యోగిని భోజనానికి పిలవని మిషనరీల సంగతి వాళ్ల మధ్యే నిలబడి ఎత్తాడు. సభలో కొందరికి మింగుడుపడలేదు. రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆయనే దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. ఇప్పుడు ఆయన పేరు మన సదస్సుల స్లైడ్ల మీద ఎక్కువగానే కనిపిస్తుంది, స్ఫూర్తి అనే శీర్షిక కింద. మధ్యాహ్నం ఆ స్లైడు చూసి వచ్చినవాళ్ల ఇంట్లో, పనామె టీ తాగే స్టీలు గ్లాసు యుటిలిటీ బాల్కనీలో చీపురు పక్కన విడిగా బోర్లించి ఉంటుంది. పెళ్లి ప్రకటనల్లో క్రైస్తవ వరుడికి కులం కాలమ్ ఎందుకని ఇక్కడ అడగబోయాను, ఆ గొడవకు వేరే వారం కావాలి.

ఇదంతా మనసులో పెట్టుకుని ఆ సిస్టర్ గారి భర్తకు ఓ సలహా ఇచ్చాను. ఆయన పెద్ద కంపెనీలో డెలివరీ హెడ్డు. "బ్రదర్, ఆఫీసులో 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ తీసుకుంటారు కదా, వచ్చే కూడికలో నాయకత్వం మీద అలాంటిదే పెట్టండి. డ్రైవరు, వాచ్‌మన్, మీ పనామె, ముగ్గుర్నీ హాల్లో సోఫాలో కూర్చోబెట్టి, మీరెలాంటి నాయకుడో చెప్పమనండి." ఆయనకు బాగా నచ్చింది. కొత్త ఐడియా అన్నారు, ఫోన్‌లో రాసుకున్నారు కూడా. లోపల్నుంచి సిస్టర్ గారు విన్నారు.

"బాగానే ఉంది అన్నయ్యా, ఆమె వచ్చి సోఫాలో కూర్చుంటే ఇరవై మంది తిన్న ప్లేట్లు ఎవరు కడుగుతారు?"

పేపరు ప్లేట్లు తెప్పిద్దామన్నాను. దైవజనులకు పేపరు ప్లేట్లలో పెడితే మర్యాదగా ఉండదట.