పంతులుగారికి 30 ఏళ్ల బోనస్సు

ఫ్రాన్సు ప్రభుత్వానికి కృతజ్ఞత లేదని ఎవరన్నా అంటే నమ్మకండి. లూయీ పెర్గో అనే బడిపంతులుకి అది ఏకంగా 30 ఏళ్ల ఆయుష్షు అదనంగా రాసిచ్చింది. కాకపోతే ఆయనకు కాదు, ఆయన పుస్తకాల కాపీరైటుకు. యుద్ధంలో దేశం కోసం చచ్చిన రచయితలకు అక్కడి చట్టమిచ్చే బోనస్సు అది. మనిషికి మాత్రం 33 ఏళ్లతో సరిపెట్టారు.

బడిపంతులు కొడుకైన ఈ బడిపంతులు, తాను పాఠాలు చెప్పిన పల్లెల్లోని పిల్లల్ని చూసి 1912లో ‘గుండీల యుద్ధం’ అనే నవల రాశాడు. రెండు పక్క ఊళ్ల పిల్లకాయలు కొట్టుకుంటారు. దొరికినవాడి లాగు గుండీలు, చొక్కా గుండీలు కోసేసి వదిలేస్తారు. లాగు చేత్తో పట్టుకుని ఇంటికెళితే వీపు విమానం మోతే. ఆ భయంతో ఒకసారి బట్టలన్నీ విప్పేసి యుద్ధానికి దిగారు. తరవాత తలా ఒక నాణెం చందా వేసుకుని గుండీల ఖజానా పెట్టుకున్నారు. ఎంత అనాగరికమో చూడండి! ఖర్చూ వాళ్లదే, తన్నులూ వాళ్లవే.

1914లో పెద్దమనుషులు మొదలెట్టిన యుద్ధంలో ఇంత మోటుతనం లేదు. దాడికి ఆజ్ఞ ఇచ్చినాయన్ని ఇంటికెళ్లాక బెల్టు తీసి అడిగే నాన్న లేడు. చందా కూడా ఆయన వేయలేదు, ఊళ్లవాళ్లు కొడుకుల్ని వేశారు.

సైన్యమంటేనే గిట్టని పెర్గోకి యూనిఫాం తొడిగి, సబ్ లెఫ్టినెంట్‌ని చేసి, 1915 ఏప్రిల్ 7 రాత్రి వెర్దన్ ప్రాంతంలో మార్షెవిల్ దగ్గర ఒక గుట్ట మీదికి తోలారు. ఆ గుట్టకి పేరు కూడా లేదు, 233 అని నంబరు. గాయపడి ముళ్లకంచెలో చిక్కుకున్నాడు. తప్పించి ఆస్పత్రికి మోసుకెళ్లిందెవరు? శత్రువులు, సాక్షాత్తూ జర్మన్లు. ఆ ఆస్పత్రి మీద గుండ్లు కురిపించిందెవరు? స్వదేశపు ఫిరంగులే అంటారు. కంచె చేను మేయడం మన సామెత. ఇక్కడ కంచె పట్టుకుని ఊరుకుంది, మేసింది ఆసామి.

శవం దొరకలేదు. దొరికితే ఎక్కడ పెట్టాలన్న తంటా! పేరు మాత్రం పారిస్‌లో పాంథియోన్ గోడకెక్కించారు.

2010లో బోనస్సు గడువు తీరింది. మరుసటి సెప్టెంబరులో అదే నవల మీద రెండు సినిమాలు వారం తేడాతో పోటీపడి విడుదలయ్యాయి. నవల హక్కులకి ఎవరూ పైసా కట్టనక్కర్లేదు.