అప్‌డేట్ భంగ సూత్రానికి గోదావరిఖని టీక

అవతారిక

మల్లినాథ సూరి మన మెదక్ సీమ కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టి కాళిదాసుకు వ్యాఖ్యలు రాశాడు. ఆయన మూలంలో విషయం ఉంది గనుక ఆ ప్రతిజ్ఞ చెల్లింది. మనకు దొరికిన మూలంలో ఏమీ లేదు. కావున మొదటి నియమాన్ని ఆదిలోనే సడలించుకుంటున్నాం.

కాలం నవంబరు. స్థలం గోదావరిఖని లక్ష్మీనగర్‌లో ఒకానొక ఆన్‌లైన్ సెంటరు. బొగ్గుబాయి పని చాలించి పింఛనుకెక్కిన కాకలు సీఎంపీఎఫ్ (బొగ్గుగనుల భవిష్యనిధి) వాళ్లకు ‘మేమింకా బతికే ఉన్నాం’ అని చెప్పుకోవడానికి బెంచీ మీద వరుసగా కూర్చున్నారు. తట్టా చెమ్మసు పట్టీ పట్టీ అరిగిన వేళ్లు వేలిముద్ర యంత్రానికి ఒక పట్టాన ఆనవు. ముఖం చూపించే పద్ధతి 2021లో వచ్చింది గానీ దానికి ఫోను కావాలి; కాకల నమ్మకం కంప్యూటరు మీదనే. అలాంటి పూట సెంటరు తమ్ముడి చెయ్యి జారి ‘అప్‌డేట్ అండ్ రీస్టార్ట్’ మీద పడింది. చాలాసేపు గుండ్రంగా చుక్కలు తిరిగి, పిమ్మట ఈ సూత్రం ఆవిర్భవించింది.

మూలం

వుయ్ కుడంట్ కంప్లీట్ ది అప్‌డేట్స్. అన్‌డూయింగ్ ఛేంజెస్. డోంట్ టర్నాఫ్ యువర్ కంప్యూటర్.

ప్రతిపదార్థం

వుయ్ = మేము (ఎవరన్నది అధ్యాహార్యం); ది అప్‌డేట్స్ = నీవు కోరని నవీకరణములను; కంప్లీట్ = ముగించుటకు; కుడంట్ = చాలకపోతిమి; ఛేంజెస్ = ఇంతసేపు నిన్ను కూర్చోబెట్టి చేసిన మార్పులను; అన్‌డూయింగ్ = ఊడదీయుచున్నాము; యువర్ = నీదైన (చెడినప్పుడు మాత్రమే నీది); కంప్యూటర్ = గణక యంత్రమును; డోంట్ టర్నాఫ్ = ఆర్పకుము.

తాత్పర్యం

చేతకాలేదు, కూర్చో.

శంక

బెంచీ మీది కాక ఒకాయన అడిగిండు: “పని గాలేదంటది. జేసింది ఊడవీకుతున్ననంటది. మళ్ల బంద్ జెయ్యకంటది. గిదేం లొల్లి తమ్మీ?”

సమాధానం

అప్‌డేట్ అంటే పాత ఫైళ్ల జాగాలో కొత్తవి పెట్టడం. అది మధ్యలో చెడితే కొత్తవి తీసి పాతవి యథాస్థానంలో కూర్చోబెట్టాలి. ఆ సమయంలో కరెంటు తీస్తే సగం పాతది, సగం కొత్తది అయి యంత్రం రెంటికీ చెడుతుంది. ఊరి పక్కన ఎన్టీపీసీ వేల మెగావాట్లు పుట్టిస్తే ఏం లాభం, కౌంటరు కింది యూపీఎస్ బ్యాటరీ ఉబ్బి ఉన్నప్పుడు! ఇది కాకకు ఇంత వివరంగా చెప్పనక్కర్లేకపోయింది. “బాయిల పిల్లర్లు తీసే జాగల దిమ్మెలు ఊడవీకుతుంటే సగంల ఇడిసిపెట్టి పైకి వస్తరా కాకా?” అన్నాడు తమ్ముడు. కాక మరి మాట్లాడలేదు.

విశేషాంశాలు

ఈ సూత్రంలో కవిహృదయం లేదు. అది సెట్టింగ్స్‌లోని ‘అప్‌డేట్ హిస్టరీ’ అనే గుహలో ఒక సంఖ్యగా దాగి ఉంటుంది. తెలిసినవాడు దాన్నే చదువుతాడు. 0ఎక్స్80070070 అంటే డిస్కులో జాగా లేదు; సెంటర్లలో ఎక్కువగా ఇదే, ఎందుకంటే ఊళ్లో పదేళ్లుగా తీసిన పాస్‌పోర్టు ఫొటోలన్నీ సీ డ్రైవులోనే ఉంటాయి. 0ఎక్స్8024402సీ అంటే సర్వర్ చిరునామా దొరకలేదు, నెట్టు చూసుకోవాలి. 0ఎక్స్80070643 అంటే ఇన్‌స్టాల్ చెడింది. 2024 జనవరిలో ఇది లోకమంతా కనిపించింది. ఆ నెల అప్‌డేటుకు రికవరీ విభాగంలో 250 మెగాబైట్ల ఖాళీ కావాలి. ఆ విభాగాన్ని చిన్నగా కట్టింది విండోసే, తిట్లు తిన్నది మెకానిక్కులు. ఇంత స్పష్టంగా కారణం తెలిసిన యంత్రం దాన్ని సంఖ్యలో దాచి, ముఖం మీద మాత్రం ‘చాలకపోతిమి’ అనడం వినయం కాదు, ఎగవేత. ఈ సూత్రకారుల పీఠమైన మైక్రోసాఫ్ట్‌కు 2014 ఫిబ్రవరి నుంచీ అధిపతి హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల. అయినా మన కష్టం మనదే.

పాఠాంతరం

కొన్ని ప్రతులలో ‘సమ్‌థింగ్ వెంట్ రాంగ్’ అని ఉంది. అంతకంటే నిరర్థకం కనుక గ్రాహ్యం కాదు.

చికిత్సా క్రమం

ముందు గడియారం చూడాలి. ఇది ఎవరూ చూడరు. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ చచ్చిపోతే, స్విచ్ వేసిన ప్రతిసారీ యంత్రం తేదీ మరిచి ఏ పాత సంవత్సరానికో పోతుంది. సర్వర్ ఇచ్చే ధ్రువపత్రం ఆ తేదీకి ఇంకా పుట్టనే లేదు కాబట్టి దాన్ని నమ్మదు, అప్‌డేట్ దించుకోదు. తేదీ సరిగా ఉంటే డిస్కులో జాగా చెయ్యాలి.

అప్పటికీ లొంగకపోతే అప్‌డేట్ సర్వీసును, దించుకునే బిట్స్ సర్వీసును ఆపి, విండోస్ ఫోల్డరులోని ‘సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్’ పేరు మార్చి, సర్వీసులను మళ్లీ లేపాలి. సగం దిగి చెడిన సరుకంతా ఆ ఫోల్డరులోనే పేరుకుంటుంది. పేరు మారితే విండోస్ కొత్తది కట్టుకుని మొదటి నుంచీ దించుకుంటుంది. మన ఫైళ్లకు ఏమీ కాదు. ఆ తరువాత కమాండ్ ప్రాంప్టులో డిస్మ్ ఆదేశం, దాని వెనక ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ. చాలామంది తిరగేసి నడుపుతారు. డిస్మ్ విండోస్ ఫైళ్ల గోదామును బాగుచేస్తుంది, ఎస్‌ఎఫ్‌సీ ఆ గోదాము నుంచే మంచి ఫైళ్లు తెచ్చి పెడుతుంది. వరుస తప్పకూడదు.

మతభేదాలు

చౌరస్తా మెకానిక్కులలో ఫార్మాట్ మతం ప్రబలం: ఏ రోగానికైనా యంత్రాన్ని తుడిచెయ్యడమే మోక్షం. అది నిజంగా మోక్షమే, పూర్వజన్మ వాసనలేవీ మిగలవు. డీటీపీ ఫాంట్లు కూడా.

రెండోది ‘అప్‌డేట్లు బంద్ పెట్టుడు’ మతం. దీన్ని ఖండించక తప్పదు. వానక్రై అనే కంప్యూటర్ పురుగును అడ్డుకునే అప్‌డేట్ మందు 2017 మార్చి 14నే వచ్చింది. పురుగు మే 12న బయల్దేరింది. రెండు నెలల వ్యవధిలో వేసుకోని యంత్రాలు లోకమంతా దానికి చిక్కాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ కొన్ని అందులో ఉన్నాయి. పూర్వపక్షి ఊరుకోడు: 2024 జూలై 19న అప్‌డేట్ వేసుకున్నవాళ్లే కదా 85 లక్షల యంత్రాలు పోగొట్టుకున్నది, శంషాబాదులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసింది? నిజమే. కానీ ఆ అప్‌డేట్ విండోస్‌ది కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థది. అప్‌డేట్ వేసుకోవాల్సిందే, బెంచీ నిండా మనుషులున్నప్పుడు కాదు. 35 రోజుల దాకా వాయిదా వేసే మీట సెట్టింగ్స్‌లోనే ఉంది, దాన్ని వాడుకోవాలి.

ఉత్తర భాగం

పైవన్నీ చేసినా కొత్త అప్‌డేట్లు రాకపోతే అది రోగం కాదు, వయసు. సింగరేణిలో మనిషికి విరమణ 61 ఏళ్లకు. విండోస్ 10 మాత్రం 2015 జూలై 29న డ్యూటీకెక్కి 2025 అక్టోబరు 14న దిగిపోయింది. విండోస్ 11కు మారాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్‌లోనైతే దాదాపుగా 8వ తరం చిప్పు నుంచే ఒప్పుకుంటుంది. ఈ లెక్కన మన సెంటర్లలో ఎన్నో పెట్టెలు చక్కగా నడుస్తూనే అనర్హాలు. ఇళ్లలోని విండోస్ 10 యంత్రాలకు మైక్రోసాఫ్ట్ ఒక ఏడాది పొడిగింపు ప్రకటించింది: భద్రతా అప్‌డేట్లు మాత్రమే, 2026 అక్టోబరు 13 వరకు. దాని కోసం మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకోవాలి, యంత్రంలో 22హెచ్2 కూర్పు ఉండాలి. ఆ కూర్పుకు కూడా రాని యంత్రం ఇంట్లో ఉంటే, ముందు సీ డ్రైవు ఖాళీ చేసి, గడియారం చూసి, అప్‌డేట్ మీట మళ్లీ నొక్కండి.