బంగాళాదుంపల రైతుకి ఇప్పుడు చోటుందా?

1983 అనగానే కొందరికి కపిల్‌దేవ్ చేతిలో కప్పు గుర్తొస్తుంది. కొందరికి రామారావుగారి ప్రమాణస్వీకారం. పత్రికలో క్రీడల పేజీ చూసిన నాకు మాత్రం ఇంకొకాయన గుర్తొస్తాడు. ప్రపంచకప్పుకి ఇంకా వ్యవధి ఉందనగా ఒక రాత్రి టెలిప్రింటర్ మీద నాలుగు ముక్కల వార్త దిగింది. సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కి 875 కిలోమీటర్ల పరుగు పందెం, గెలిచినవాడు బంగాళాదుంపలు పండించే రైతు, వయసు 61. అంకెలు తిరగబడి 16 కాస్తా 61 అయిందేమోనని పక్క సీటాయన అనుమానపడ్డాడు. అంకె సరైనదే. ఆ వార్తకి సింగిల్ కాలమ్‌లో మూడంగుళాల చోటు దొరికింది. అప్పుడు రాయలేనిది ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ఆయన పేరు క్లిఫ్ యంగ్. విక్టోరియా రాష్ట్రంలో బీచ్ ఫారెస్ట్ అనే పల్లె. గమ్ బూట్లు వేసుకుని గొర్రెల వెంట తిరిగిన కాళ్లు ఆయనవి. మిగతావాళ్లు బారలు చాచి పరిగెడుతుంటే ఈయన పాదం నేల విడిచిందా లేదా అన్నట్టు కాళ్లీడ్చుకుంటూ జరుగుతూ పోయాడు. చూసినవాళ్లకి జాలేసింది. రాత్రయ్యేసరికి కుర్రాళ్లు పక్కలేసుకున్నారు, ఈయన కునుకు తీసి మళ్లీ రోడ్డెక్కాడు. అలా అలా 5 రోజుల 15 గంటల 4 నిమిషాల్లో మెల్‌బోర్న్ చేరాడు. గెలిచిన 10,000 డాలర్లూ తనతో పరిగెత్తినవాళ్లకి పంచిపెట్టాడు. నవ్వులపాలైన ఆ కాళ్లీడ్చే పరుగునే తర్వాతివాళ్లు నేర్చుకున్నారు, అందులో ఒంటికి శ్రమ తక్కువని.

ఆ పందెం పెట్టినవాళ్లేమీ ధర్మాత్ములు కారు. వెస్ట్‌ఫీల్డ్ అని షాపింగ్ సెంటర్ల కంపెనీ. సిడ్నీలో తమ సెంటర్ దగ్గర మొదలుపెట్టించి మెల్‌బోర్న్‌లో తమ సెంటర్ దగ్గర ముగించారు. పచ్చి వ్యాపార ప్రచారం. కాదనను. కానీ డబ్బు ఎటు నుంచి ఎటు నడిచిందో చూడండి. వ్యాపారి జేబులోంచి పరిగెత్తేవాడి వైపు నడిచింది. మా రోజుల్లో అదీ పద్ధతి. నా గొణుగుడంతా దాని గురించే.

మాకంటే ముందు తరాల్లోనూ అంతే. 1870ల్లో, 80ల్లో న్యూయార్క్‌లో, లండన్‌లో ఆరు రోజుల పందేలు జరిగేవి. లోపల గుండ్రటి బాట, చుట్టూ జనం, టికెట్టు చూసేవాడిది. బోస్టన్‌లో కిరాణా పని చేసుకునే ఫ్రాంక్ హార్ట్, హైతీలో పుట్టిన నల్లజాతివాడు, 1880లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆరు రోజుల్లో 565 మైళ్లు నడిచి, పరిగెత్తి, అప్పటికి ఎవరూ చేయనిది చేసి వేల డాలర్లు పట్టుకెళ్లాడు. బానిసత్వం రద్దయి అప్పటికి పదిహేనేళ్లు. 1928లో లాస్ ఏంజెలస్ నుంచి న్యూయార్క్ దాకా అమెరికా ఖండం అడ్డంగా 199 మంది పరుగుకి బయల్దేరారు. 55 మంది చేరారు. పందెం పెట్టిన పైల్ అనేవాడు రుసుమూ డిపాజిట్టూ పుచ్చుకున్న గట్టి వ్యాపారి. అయినా మొదటి బహుమతి 25,000 డాలర్లు ఓక్లహోమాకి చెందిన ఆండీ పేన్ అనే ఇరవై ఏళ్ల చెరోకీ కుర్రాడి చేతిలో పడ్డాయి. వాటితో అతను తాకట్టులో ఉన్న తండ్రి పొలం విడిపించాడు. 84 రోజులు అరికాళ్లు అరగదీసుకున్నందుకు ఒక కుటుంబానికి పొలం దక్కింది.

ఇక ఈ రోజులకి రండి. హైదరాబాదులో ఉన్న మా మనవడు కొండల్లో పరిగెత్తుతాడు. ఆల్ప్స్ పర్వతాల్లో మాంట్ బ్లాంక్ శిఖరం చుట్టూ జరిగే పందెం మీద వాడికి మోజు. మూడు దేశాల మీదుగా 170 కిలోమీటర్ల పైచిలుకు దూరం, అంతా కలిపి 10,000 మీటర్ల ఎక్కుడు. 2003లో మొదలైంది.

“తాతయ్యా, దానికి ముందు రాళ్లు సంపాదించాలి” అన్నాడు.

“రాళ్లేమిట్రా?”

“రన్నింగ్ స్టోన్స్ అంటారు. వాళ్ల సిరీస్‌లోనే ఇంకో పందెం పరిగెత్తితే ఇస్తారు. ఎన్ని రాళ్లుంటే లాటరీలో అన్నిసార్లు మన పేరు.”

అంటే ఒక పందెంలో నిలబడాలంటే అదే దుకాణంలో ఇంకో పందెం కొనాలి. దానికి ఫీజు, విమానం, వీసా, హోటలు. అన్నీ అయ్యాక కూడా చేతికొచ్చేది లాటరీ చీటీయే. 2021లో ఈ పందెం నడిపే సంస్థ ఐరన్‌మ్యాన్ అనే పందేల కంపెనీతో చేతులు కలిపింది. అప్పట్నుంచి ప్రపంచంలో నాలుగు మూలలా పందేలు ఆ గొడుగు కిందకి చేరుతున్నాయి. నటుడు తానే టికెట్టు కొనుక్కుని స్టేజీ ఎక్కినట్టుంది వ్యవహారం.

సహారా సంగతీ ఇంతే. ప్యాట్రిక్ బావర్ అనే ఫ్రెంచివాడు 1984లో తన తిండీ నీళ్లూ తానే మోసుకుని ఒంటరిగా ఎడారిలో 350 కిలోమీటర్లు నడిచాడు. ఆ అనుభవంతోనే 1986లో మొరాకోలో పందెం పెట్టాడు. మొదటి ఏడు వచ్చింది 23 మంది. ఇవాళ ఆ ఇసుకలో అడుగుపెట్టాలంటే వేల యూరోలు కట్టాలి. ఆ పందెం పేరుతోనే వేరే దేశాల్లో చిన్న పందేలూ వెలిశాయి. మనిషికి ఏమీ లేకుండా బతకడం ఎంతవరకు సాధ్యమో చూద్దామని మొదలైన పని అది. అన్నీ ఉన్నవాళ్లకే అందుబాటులో మిగలడం నాకు మింగుడుపడదు.

కాలిఫోర్నియాలో వెస్టర్న్ స్టేట్స్ పందెం మీద నాకంత కోపం లేదు. 1974లో గోర్డీ ఏన్స్లీ అనే అతను 100 మైళ్ల గుర్రప్పందెంలో గుర్రం లేకుండా దిగి 24 గంటల్లోపు ఊరు చేరాడు. అక్కడ పుట్టింది ఆ పరుగు. అడవి దారి గనక 369 మందికి మించి రానివ్వరు. హద్దు ఉండాల్సిందే. కానీ ఆ చోట్ల కోసం పదివేల దాకా దరఖాస్తులు పడుతున్నాయి. ఈసారి పేరు రాకపోతే వచ్చే ఏడు మళ్లీ ఒక అర్హత పందెం పరిగెత్తాలి, దాని ఖర్చు భరించాలి, మళ్లీ చీటీ వేయాలి. ఏళ్ల తరబడి అలా ఆగగలిగేది ఎవరు? జీతం గట్టిగా ఉండి, సెలవులు దొరికేవాళ్లు.

లెడ్‌విల్ మాట చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. కొలరాడోలో 3,000 మీటర్ల ఎత్తున ఉన్న గనుల ఊరది. 1980ల మొదట్లో క్లైమాక్స్ గని మూతపడి ఊరు ఊరంతా పనిలేకుండా కూర్చుంది. కెన్ క్లౌబర్ అనే గనికార్మికుడు, ఇంత ఎత్తులో 100 మైళ్లు పరిగెత్తే పందెం పెడితే నలుగురూ వచ్చి ఊళ్లో బస చేస్తారు, నాలుగు డబ్బులు రాలతాయి అన్నాడు. చచ్చిపోతారని భయపెట్టినవాళ్లున్నారు. 1983లో పెట్టేశాడు. సరిగ్గా పదేళ్లకి మెక్సికో లోయల నుంచి రరామురి జనం కొందరు వచ్చారు. వాళ్ల కాళ్లకి టైర్ల రబ్బరు కోసి తోలుతాళ్లతో కట్టుకున్న చెప్పులు. అందరికంటే ముందు చేరిన విక్టోరియానో చురోకి అప్పటికి 55 ఏళ్లు. బూట్ల కంపెనీల ప్రకటనలు చూసినప్పుడల్లా నాకు ఆ టైరు చెప్పులే కళ్లముందు ఆడతాయి. మరుసటి ఏడు వాళ్ల మనిషే హువాన్ హెర్రేరా పందెం రికార్డే బద్దలుకొట్టాడు. ఆ తర్వాత వాళ్లు రావడం మానేశారు. వాళ్లని తీసుకొచ్చినవాళ్లూ నిర్వాహకులూ స్పాన్సర్లూ కీచులాడుకుంటే మధ్యలో నలిగింది ఆ కొండజనం. 2010లో పందెం లైఫ్ టైమ్ అనే పెద్ద వ్యాయామశాలల కంపెనీకి అమ్ముడుపోయింది. ఊరికి వ్యాపారం పెరిగింది, నిజమే. ఊరి గనికార్మికుడి ఆలోచన ఊరి చేతిలో లేకపోవడం నష్టం కాదంటే ఒప్పుకోను.

మా రోజులన్నీ బంగారమని నేననడం లేదు. అనేవాళ్లకి దక్షిణాఫ్రికా చరిత్ర తెలియదు. డర్బన్‌కీ పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కీ మధ్య సుమారు 90 కిలోమీటర్ల కామ్రేడ్స్ పరుగుంది. మొదటి ప్రపంచయుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో వేల కిలోమీటర్లు కాలినడకన తిరిగొచ్చిన విక్ క్లాపమ్ అనే రైలింజను డ్రైవరు, చనిపోయిన తోటి సైనికుల జ్ఞాపకంగా దీన్ని 1921లో పెట్టాడు. ఎంత గొప్ప ఉద్దేశం! అయినా దశాబ్దాలపాటు తెల్ల మగవాళ్లకే అందులో చోటు. 1923లో ఫ్రాన్సెస్ హేవర్డ్ అనే ఆవిడ దరఖాస్తు తిప్పికొట్టినా పరిగెత్తి పూర్తి చేసింది. 1935లో రాబర్ట్ మ్‌త్షాలీ అనే నల్లజాతివాడూ పూర్తిచేశాడు. ఇద్దరి పేర్లూ అధికారిక ఫలితాల్లో చేర్చలేదు.

ఇక్కడ మన గొడవ కూడా ఉంది. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి, నటాల్ చెరకు తోటల్లో కూలీలుగా దిగినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. వాళ్ల పిల్లలూ మనవలూ డర్బన్‌లోనే పుట్టిపెరిగారు. ఊళ్లో మొదలయ్యే పరుగుని వీళ్లు రోడ్డు పక్కన నిలబడి చూడవలసిందే. పరుగు రెండో చివరన ఉన్న పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్లోనే 1893లో గాంధీగారిని రైల్లోంచి తోసేశారు. కామ్రేడ్స్ తలుపు తెరుచుకోవడానికి 1975 దాకా పట్టింది. ఆ ఏటినుంచే ఆడవాళ్లకీ అన్ని జాతులవాళ్లకీ అధికారికంగా ప్రవేశం. సామ్ షబలాలా గెలిచిన మొదటి నల్లజాతివాడు అయ్యేసరికి 1989 వచ్చింది. అదే ఏడు వాలీ హేవర్డ్ అనే పాత వీరుడు 80 ఏళ్ల వయసులో, గడువు ముగియడానికి రెండు నిమిషాల లోపు ఉండగా గీత దాటాడు.

అందుకే నాకు ఇంత మంట. రంగు అడ్డమని, ఆడదని తలుపు వేసిన రోజులు మేం చూశాం. ఆ తలుపు తీయడానికి కొందరు జీవితాలు ధారపోశారు. తీసిన తలుపుకి ఇప్పుడు డబ్బుతో గడియ పెడుతున్నారు. కామ్రేడ్స్ ఇంకా నయం. స్వదేశీయులకి ఫీజు విదేశీయులకంటే బాగా తక్కువ ఉంచారు, వేల సంఖ్యలో సామాన్యులు పరిగెడతారు. గడువు తీరగానే నిర్వాహకుడు వచ్చేవాళ్లకి వీపు పెట్టి తుపాకీ పేలుస్తాడు. ఒక్క అడుగు ఇవతల ఉన్నా లెక్కలోకి రారు. కఠినమే, కానీ ఆ కఠినం అందరికీ ఒకటే.

భద్రత కోసం పెట్టిన నియమాల మీద నాకేం ఫిర్యాదు లేదు. విజిల్, కోటు, లైటు ఉండాలంటే ఉండాల్సిందే. 2021 మే 22న చైనాలో గాన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండ పరుగులో హఠాత్తుగా చలిగాలీ వడగళ్లూ ముంచుకొచ్చి 21 మంది చనిపోయారు. గాలిని ఆపే కోటు తప్పనిసరి సరంజామాలో లేదు. అక్కడ గొర్రెలు కాసుకునే ఒకాయన ఆరుగురిని తన గుహలోకి చేర్చి నిప్పు రాజేసి బతికించాడు. ముందుజాగ్రత్త దగ్గర పాతా కొత్తా అనే వాదనకి తావులేదు.

కుర్రాళ్ల శక్తి తగ్గిందనీ నేననను. గ్రీసులో ఏథెన్స్ నుంచి స్పార్టాకి 246 కిలోమీటర్ల పరుగు మొదలైంది కూడా 1983లోనే. యానిస్ కూరోస్ అనే పేరు వినని మనిషి మిగతావాళ్లకంటే గంటల ముందు చేరితే, మధ్యలో ఏదో బండెక్కి ఉంటాడని అనుమానించారు. మరుసటి ఏడు ఇంకా వేగంగా, 20 గంటల 25 నిమిషాల్లో పరిగెత్తి నోళ్లు మూయించాడు. 1997లో ఆయన 24 గంటల్లో 303 కిలోమీటర్లు చేస్తే ఇక దాటేవాడు పుట్టడనుకున్నాం. లిథువేనియావాడు అలెగ్జాండర్ సొరోకిన్ 2022లో ఇటలీలోని వెరోనాలో 319 కిలోమీటర్ల పైన చేశాడు. అంతకుముందు కసీనోలో పనిచేసినవాడు, బరువు తగ్గుదామని ముప్పై దాటాక పరుగు మొదలుపెట్టినవాడు. అలాంటివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకి కావలసింది ఒక బాట, ఒక గడియారం, ఒక అవకాశం.

తక్కువలో జరపడం కుదరదని ఎవరైనా అంటే టెన్నెసీ అడవుల్లో బార్క్‌లీ చూడమంటాను. 1986 నుంచీ ఉంది. ఫీజు ఒక డాలరు అరవై సెంట్లు. మొదటిసారి వచ్చేవాడు తన ఊరి బండి నంబరు ప్లేటు ఒకటి తెచ్చివ్వాలి. శంఖం ఊదాక గంటకి, నిర్వాహకుడు సిగరెట్టు వెలిగిస్తే బయల్దేరాలి. 60 గంటల గడువు. ఏళ్ల తరబడి పూర్తిచేసినవాడే లేని పందెం. 2024లో జాస్మిన్ ప్యారిస్ అనే పశువైద్యురాలు, ఇద్దరు పిల్లల తల్లి, 99 సెకన్లు మిగిలి ఉండగా చేరి, దాన్ని పూర్తిచేసిన మొదటి మహిళ అయింది. అంతకుముందు 2019లో ఇంగ్లండులో 268 మైళ్ల స్పైన్ రేసులో, చెక్‌పాయింట్ల దగ్గర పసిబిడ్డ కోసం పాలు పిండుకుంటూ పరిగెత్తి, మగవాళ్లందరి కంటే ముందు చేరింది కూడా ఆవిడే. ఇలాంటి వార్త మా రోజుల్లో లేదు. ఉండి ఉంటే మా పేజీ మొత్తం ఆవిడకే ఇచ్చేవాణ్ని.

బార్క్‌లీలో నలభై మందే కాబట్టి సాగుతోంది, వేలమందితో కుదరదు అంటారు. సరే, ఫీజు మొత్తం ఎత్తేయమని నేనూ అడగడం లేదు. ఏ కొండ మీద పందెం పెడుతున్నారో ఆ కొండ కింద బతికేవాళ్లకి, హోటల్లో గదులు ఊడ్చేవాళ్లకి, గొర్రెలు కాసేవాళ్లకి, గనుల్లో దిగేవాళ్లకి ప్రతి పందెంలోనూ కొన్ని చోట్లు ఫీజు లేకుండా, లాటరీ లేకుండా, రాళ్లు లేకుండా తీసిపెట్టండి. ఇదివరకు ఎంత దూరం పరిగెత్తావు, గడువులోపు రాగలవా, ఈ రెండే అడగండి.