మామ నోటుబుక్కు

మా ప్రొద్దుటూరు మామ ఇంటికి పొద్దుగూకినాక పోకూడదు. పోతే "రా అబ్బీ, కూర్చో" అంటూనే ఫ్యాను ఆపేస్తాడు. గాలి చప్పుడుకు వయొలిన్ వినపడదంట. వంటింటి వైపు తిరిగి "ఆ కుక్కరు దించుమే!" అంటాడు. అత్త దించదు. ముప్పయ్యేళ్లుగా దించలేదు.

పంచె కొసతో రికార్డు తుడిచి, సూది మార్చి, నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ నల్లటి పళ్లెం మీద ఊపిరి బిగబట్టి ముల్లు ఆనిస్తాడు. పాట మూడు నిమిషాలు, మామ వ్యాఖ్యానం ముప్పావుగంట. ఘంటసాల గొంతు కోసం మనం చెవి పెడితే ఆయనకు కోపం. "పాడేవాన్ని ఊరంతా వింటాది. వెనకాల వాయించేవాన్ని వినరా!"

ఆయన మంటంతా రికార్డు నడుమ అంటించిన గుండ్రటి కాగితం మీద. సినిమా పేరుంటాది, పాడినోళ్ల పేర్లుంటాయి, ఫ్లూటు వాయించినోడు మాత్రం ఉండడు. "1951లో మల్లీశ్వరి తీసిన బి.ఎన్.రెడ్డి యాడోడు? మన పులివెందుల తాలూకా కొత్తపల్లె! సంగీతం సాలూరు రాజేశ్వరరావని బడిపిల్లోడు గూడా చెప్తాడు. వాద్యగోష్ఠి అద్దేపల్లి రామారావని ఒక్కడన్నా అంటాడా?" నేనే ఆ పేరు కొట్టేసినట్టు చూస్తాడు.

డాలస్‌లోని కొడుకు ఫోనుకు జాజ్ పాటలు పంపడం మొదలుపెట్టినాక జబ్బు ముదిరింది. డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండు 1941లో రికార్డు చేసిన 'టేక్ ది ఏ ట్రెయిన్' పెట్టి, "ఇది కట్టింది ఎల్లింగ్టన్ కాదు, బిల్లీ స్ట్రేహార్న్. ఆ ట్రంపెట్ రే నాన్స్‌ది. చూసినావా, వాళ్లు పేర్లు దాచి పెట్టుకున్యారు!" అని కండ్లు తుడుచుకున్నాడు. బంగారం ధర తప్ప వేరే మాట వినపడని మా బజారులో స్ట్రేహార్న్ కోసం ఏడ్చే మనిషి ఈయనొక్కడే.

జమ్మలమడుగులో మా చెల్లెలి పెండ్లికి మెరవణి వస్తాంటే అడ్డం పోయి బ్యాండు ఆపించినాడు. కారులో పెండ్లికొడుకు చెమటలు తుడుచుకుంటున్నాడు. మామేమో క్లారినెట్ ఆయన్ని పట్టుకుని "ఇప్పుడు ఆ గమకం వేసింది నువ్వే కదా? పేరేందబ్బా?" అని నోటుబుక్కు తీసినాడు. తర్వాత ట్రంపెట్, డ్రమ్ము, అందరి పేర్లూ ఊర్లతో సహా. మా నాయన నన్ను కేకేసి "పోయి మీ మామను ఈడ్చుకొని రారా!" అన్నాడు.

పోయినాను. అక్కడ వీధిలైటు లేదు, ఆయనకేమో చత్వారం. ఊరి పేరు తప్పు రాస్తాడేమోనని సెల్‌ఫోను టార్చి పట్టినాను.

"తాళాలు వాయించే పిల్లోన్ని మర్చిపోతివే మామా" అన్నాను.