ఏం గాదు సార్, నడుస్తది!

పాలమూరు పట్టణంలో కంప్యూటర్ రిపేరు దుకాణానికి వెళ్లి, విండోస్ వేయమనండి. అరగంటలో వేసి చేతిలో పెడతారు. తీసుకునేది కొన్ని వందలు. కంపెనీ అమ్మే అసలు విండోస్ ధర పదివేల చుట్టూ ఉంటుంది. ఇంత చవకగా ఎట్లా వచ్చిందని అడిగినోడు ఉన్నాడా? లేడు. అడిగితే రేటు పెరుగుతుందని భయం.

చవక వెనక కథ చిన్నదే. దొంగ విండోస్‌ను అసలుదిగా నమ్మించడానికి 'యాక్టివేటర్' అని ఒక బుల్లి ప్రోగ్రామ్ ఉంటుంది. దాన్ని పెట్టగానే విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ ఎర్రగా లేస్తుంది. ఇందులో ప్రమాదముందని అరుస్తుంది. అరవడం దాని ఉద్యోగం. దుకాణం పిలగాడు ఏం చేస్తాడు? దొంగ సరుకును వదిలి డిఫెండర్ నోరు నొక్కుతాడు. ట్యాంపర్ ప్రొటెక్షన్ బంద్. రియల్ టైమ్ ప్రొటెక్షన్ బంద్. "తమ్మీ, ఎర్రగా ఏందో వస్తున్నది?" అని ఇంటాయన అడిగితే జవాబు నాలుక చివరే ఉంటుంది. "ఏం గాదు సార్, నడుస్తది."

నడుస్తది మరి! బిడ్డ ఈఏపీసెట్ దరఖాస్తు అందులోనే. బ్యాంకు పాస్‌వర్డు అందులోనే. వడ్ల పైసలు పడ్డాయో లేదో చూసుకునేది అందులోనే. రక్షణ ఒక్కటే లేదు.

కొన్నాళ్లకు ఇంటాయనకు అనుమానం వచ్చి విండోస్ సెక్యూరిటీ తెరుస్తాడు. మీట నొక్కబోతే నొక్కుడు పడదు. పైన ఒక వాక్యం కనిపిస్తుంది: ఈ సెట్టింగులు మీ సంస్థ నిర్వహణలో ఉన్నాయట. ఏ సంస్థ? ఇంట్లో ఉన్నది ఆలుమగలు, ఇద్దరు పిల్లలు, మంచం మీద ముసలమ్మ. వీళ్లలో అడ్మినిస్ట్రేటర్ ఎవరు? ముసలమ్మా?

ఆ వాక్యం ఆఫీసుల కోసం పుట్టింది. వందల కంప్యూటర్లున్న చోట ఉద్యోగులు చేయి పెట్టకుండా పైనుంచి బిగించే ఏర్పాటు అది. అదే ఏర్పాటును ఇంటి కంప్యూటర్లో దుకాణమో వైరసో వాడుకుని ఇంటాయన చేతులు కట్టేస్తుంది. రిజిస్ట్రీలో 'డిజేబుల్ యాంటీ స్పైవేర్' అని రాస్తే చాలు, ఒకప్పుడు డిఫెండర్ పడుకునేది. ఇళ్లలోని కంప్యూటర్లలో ఆ రాతకు విలువ లేకుండా మైక్రోసాఫ్ట్ 2020లో చేసింది. దుకాణం ఆగిందా? ఆగితే అది దుకాణం ఎట్లయితది? ఇప్పుడు 'ఎక్స్‌క్లూజన్స్' జాబితాలో సీ డ్రైవ్‌ను మొత్తంగా చేర్చేస్తారు. ఇక్కడ వెతకొద్దు అని డిఫెండర్‌కు రాతపూర్వక ఆదేశం అన్నమాట. తెర మీద మాత్రం పచ్చటి టిక్కు. అంతా సవ్యం! కలెక్టరేట్ సమీక్షల్లో తప్ప ఇంత పచ్చదనం ఇంకెక్కడా కనిపించదు.

బాగు చేసుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. గడువు తీరిన యాంటీవైరస్ మూలన పడి ఉంటే పూర్తిగా తీసేయాలి. వేరే యాంటీవైరస్ ఉంటే డిఫెండర్ మర్యాదగా పక్కకు తప్పుకుంటుంది. ఎక్స్‌క్లూజన్స్ తెరిచి మీరు చేర్చనివన్నీ తుడిచేయాలి. దుకాణం బంద్ చేసిన ఆ రెండు ప్రొటెక్షన్ మీటలూ వేయాలి. ఆపైన 'ఆఫ్‌లైన్ స్కాన్' నొక్కాలి. విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవాటికి తప్పించుకునే సందు తక్కువ. ఓ పావుగంట పడుతుంది. ఇంత చేసినా మీట నొక్కుడు పడకున్నా, మళ్లీ దానంతటదే పడిపోతున్నా ఇక మొహమాటం వద్దు. ఫొటోలు, కాగితాలు కాపీ తీసుకుని అంతా చెరిపేసి విండోస్ కొత్తగా వేయించాలి. పాస్‌వర్డులన్నీ వేరే శుభ్రమైన ఫోన్‌లోంచి మార్చాలి. విండోస్ వేయించడానికి ఎక్కడికి పోతారు? మళ్లీ అదే దుకాణానికి!

పిలగాణ్ని తిట్టడం తేలిక. పాలిటెక్నిక్ చదివి, కొలువు రాక, షట్టర్ కిరాయి కట్టలేక చస్తున్నవాడు. వాడికి ఈ 'నడుస్తది' విద్య నేర్పినవాళ్లు పైనున్నారు. 2017 మార్చిలో విండోస్‌లో ఒక పెద్ద బొక్కకు మైక్రోసాఫ్ట్ అతుకు ఇచ్చింది. వేసుకోండయ్యా అంది. వేసుకున్నారా? మే నెలలో వానాక్రై అనే వైరస్ వచ్చి పడితే ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లే బిగుసుకుపోయాయి. ఇంటికి తాళం సరిగా వేసుకోలేదేమని మనల్ని గద్దించే శాఖకు రెండు నెలలు చాలలేదు! తిరుమలలోనూ కొన్ని కంప్యూటర్లకు అదే సోకింది. హుండీకున్న బందోబస్తు వాటికి లేకపోయె.

2019లో రెండు తెలుగు రాష్ట్రాల డిస్కంలకు ర్యాన్సమ్‌వేర్ తగిలింది. మహబూబ్‌నగర్, నల్లగొండలకు కరెంటిచ్చే దక్షిణ డిస్కం అందులో ఉంది. వెబ్‌సైట్లు మూతపడ్డాయి. బిల్లు గడువు దాటితే మన ఫ్యూజు పీకే సంస్థ ఫ్యూజును ఎవడో ఎక్కణ్నుంచో పీకి, విడిపించుకోవడానికి పైసలడిగాడు. 2024లో ఇంకో ముచ్చట. జనం భద్రత కోసమని తెలంగాణ పోలీసులు పెట్టిన హాక్ ఐ యాప్‌లోంచి జనం వివరాలే బయటికి పోయాయి. పట్టుబడినవాడు ఇరవయ్యేళ్ల విద్యార్థి. ప్రతిసారీ ఒకటే ప్రెస్‌మీట్. విచారణ జరుగుతోంది. ప్రజలు అప్రమత్తంగా ఉండాలి. మోసపోతే 1930కి ఫోన్ చేయాలి. అప్రమత్తత మనకు, ప్రెస్‌మీట్లు వాళ్లకు. పంపకం బాగానే కుదిరింది!

(డిఫెండర్‌ను కాదని వేలకు వేలు పోసి కొన్న రక్షణ గొప్పదనుకునేరు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక్క అప్‌డేట్‌తో ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు కూలబడ్డాయి. శంషాబాద్‌లో విమానం ఎక్కేవాళ్లకు బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు.)

ఢిల్లీ సర్కారు ఊరుకుందా? లేదు. 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రం తెరిచింది. వైరస్ తీసే పనిముట్లు ఉచితమంది. పెన్‌డ్రైవ్‌లను కట్టడి చేసే 'యూఎస్‌బీ ప్రతిరోధ్'ను తయారుచేసింది మన హైదరాబాద్‌లోని సర్కారు సంస్థ సీడాకే. అక్కణ్నుంచి పాలమూరుకు వంద కిలోమీటర్లు. ఇన్నేళ్లలో ఆ వంద కిలోమీటర్లు దాటి వచ్చిందా? మీసేవలో బోర్డు చూశారా? బడిలో ఎవరైనా చెప్పారా? పెళ్లి పత్రిక కొట్టించడానికి డీటీపీ సెంటర్‌కు పెన్‌డ్రైవ్ తీసుకెళ్తే ఇప్పటికీ ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి ఇంటికొస్తాయి. అక్కడ పేజ్‌మేకర్ దొంగదే, అను ఫాంట్లూ దొంగవే. యాంటీవైరస్ ఒక్కటీ అసలుది ఎందుకుంటుంది?

మన పాలమూరు పిల్లలమర్రి చెట్టుకూ ఇట్లాగే రోగం ముదిరాకే వైద్యం జరిగింది. చెదలు తిని తిని కొమ్మ విరిగిపడ్డాక, 2018లో చెట్టుకు సెలైన్ సీసాలు వేలాడదీసి క్లోర్‌పైరిఫాస్ ఎక్కించారు. దేశమంతా ఫొటోలు. చెట్టు బతికింది, సంతోషం. చెదలు మొదలైననాడు ఎక్కడున్నారయ్యా అని అడిగితే మాత్రం ఎవరూ పలకరు.

పాలమూరు పక్కన దివిటిపల్లిలో 2023లో ఐటీ టవర్‌కు రిబ్బను కత్తిరించారు. మంచిదే. విండోస్ చేసే కంపెనీ అధినేత మన హైదరాబాదీ. అమెరికా బయట దాని అతి పెద్ద అభివృద్ధి కేంద్రాల్లో ఒకటి గచ్చిబౌలిలో. అంతెందుకు, 2016 దాకా పాలమూరు జిల్లాలోనే ఉన్న షాద్‌నగర్ దగ్గర, ఎలికట్టలో, ఆ కంపెనీ 48 ఎకరాలు 267 కోట్లకు కొన్నది. గర్వపడదాం. ఇక అదే కంపెనీ 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలుగా ఇచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. మరో ఏడాది కావాలంటే 30 డాలర్లు కట్టాలంది. కట్టలేమంటే మన సెట్టింగులు వాళ్ల క్లౌడ్‌లో దాచాలంది, లేదంటే వాళ్ల పాయింట్లు కూడబెట్టాలంది. ఐరోపాలో వినియోగదారుల సంఘాలు లొల్లి పెట్టాయి. అక్కడివాళ్లకు షరతు సడలించి పైసా తీసుకోకుండా ఇచ్చారు.

మరి మనకు? డేటా సెంటర్లకు ఎర్ర తివాచీ పరిచిన మంత్రులు, అప్పటివాళ్లయినా ఇప్పటివాళ్లయినా, పాలమూరు పాత డబ్బాలకూ ఆ ఏడాది షరతుల్లేకుండా ఉచితంగా ఇయ్యుమని అడిగినట్టు మీరెక్కడైనా విన్నారా? అడిగితే ఏం బోయింది? కంపెనీ అలిగి పోతదా? 267 కోట్లు పోసి కొన్న జాగ ఇడిసిపెట్టి ఏడికి పోతది?