ఒక్క పిన్ను కోసం ఇన్నేళ్లా?

మా రోజుల్లో సేద్యానికి కరెంటు ఎక్కువగా రాత్రిపూటే వచ్చేది. మైదుకూరు చుట్టుపక్కల పసుపు మడికో వరి మడికో నీళ్లు కట్టాలంటే, ఏ అర్ధరాత్రో లేచి పోయి మోటారు వేసి రావాల్సిందే. చేతిలో మూడు సెల్లుల బ్యాటరీ లైటు లేనిదే గట్టు మీద అడుగు పెట్టేవాళ్లం కాదు. వెనక మూత తిప్పి, లావు సెల్లులు ఒకదాని మీద ఒకటి జారవిడిచి, మూత బిగిస్తే వెలిగేది. ఆ సెల్లులు ఎవరెడీవైనా సరే, నిప్పోవైనా సరే. నాలుగు రోడ్ల కాడ కొన్నా, పొద్దుటూరులో కొన్నా, జమ్మలమడుగు సంతలో కొన్నా అవే పట్టేవి. నీ లైటు ఏ కంపెనీదని అంగడాయన అడిగింది లేదు. "పెద్దవా, పెన్ను సెల్లులా?" అని ఒక్క మాట అడిగి చేతిలో పెట్టేవాడు.

బల్బూ అంతే. ఎవరు చేసిన బల్బయినా ఎవరు చేసిన హోల్డరులోనైనా నొక్కి తిప్పితే కూర్చునేది. సైకిలూ అంతే. హీరో అయినా, అట్లాస్ అయినా, హెర్క్యులస్ అయినా వీధిలో ఒక్క ఇంట్లో పంపుంటే వీధి సైకిళ్లన్నిటికీ గాలి ఎక్కేది. వస్తువు కొన్నవాడు ఆ వస్తువుకు సొంతదారు. దానికి కావాల్సిన సామాను ఎక్కడ కొనుక్కోవాలో వాడి ఇష్టం.

ఇదంతా వ్యాపారస్తుల మంచితనం వల్ల జరగలేదు. సర్కారు పూనుకుంది గనక జరిగింది. పాతకాలంలో శేరు ఒక్కో సీమలో ఒక్కో తూకం. వీశెలు, మణుగులు, పలాలు, తులాలు. ఎవరి రాయి వాళ్లది, ఎవరి లెక్క వాళ్లది. 1956లో తూనికల కొలతల చట్టం చేసి, 1962 ఏప్రిల్ నాటికి దేశమంతా కిలోగ్రాము తూకమే వాడాలని తేల్చారు. ముద్ర లేని రాయి కాటాలో పెట్టకూడదన్నారు. మా పెద్దవాళ్లకు కొత్త లెక్క మొదట్లో కష్టమయింది. అయినా పది కాలాలకు పనికొచ్చింది. పొద్దుటూరు బంగారు అంగళ్లలో ఇప్పటికీ నోటితో తులమనే అంటారు, బిల్లులో మాత్రం గ్రాములే రాస్తారు. సామాన్ల కొలతలకు, నాణ్యతకు ప్రమాణాలు రాయడానికి 1947లోనే భారత ప్రమాణాల సంస్థను పెట్టారు. ఇనుప సామాను మీదా, కరెంటు సామాను మీదా ఐఎస్ఐ గుర్తు చూసి కొనడం మాకు అట్లా అలవాటయింది.

ఇంత తెలిసిన దేశంలోకి సెల్‌ఫోన్లు వచ్చాయి. చార్జరు పిన్నుల గొడవ మొదలయింది.

2003లో నోకియా 1100 వచ్చింది. లావు పిన్ను. సేద్యగాళ్ల జేబుల్లో అదే ఫోను, దాని తలకాయలో చిన్న లైటు కూడా ఉండేది. అందరికీ ఒకే పిన్ను కుదిరిందనుకునే లోపే, ఆ కంపెనీయే సన్న పిన్ను తెచ్చింది. శాంసంగు పిన్ను వేరు, సోనీ ఎరిక్సన్ పిన్ను వేరు, మోటరోలా పిన్ను వేరు. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే గోడకు నాలుగు చార్జర్లు వేలాడేవి. పెళ్లికి పోయినచోట చార్జింగు అయిపోతే విడిది ఇల్లంతా తిరిగి "సన్న పిన్ను ఎవరి దగ్గరుందప్పా?" అని అడుక్కోవాల్సి వచ్చేది. మంచినీళ్లు అడిగితే సిగ్గనిపించదు గానీ, వేల రూపాయలు పోసి కొన్న వస్తువుకు పిన్ను అడుక్కోవడం నాకు నామోషీగా ఉండేది.

ఈ అవస్థ చూసే క్లిప్పు చార్జర్లు పుట్టుకొచ్చాయి. ఫోను వెనక రేకు ఊడదీసి, బ్యాటరీ బయటికి లాగి, క్లిప్పు కింద పెట్టాలి. చార్జరుకున్న రెండు సన్న ముళ్లను అటూ ఇటూ జరిపి బ్యాటరీ అంచున మెరిసే పట్టీలకు సరిగ్గా ఆనించాలి. ఆనితే లైటు మిణుకుమనేది. వెంట్రుకవాసి జరిగితే ఆరిపోయేది. పొద్దున లేచి చూస్తే రాత్రంతా ఎక్కనే లేదని తెలిసేది. ఆ పూట ఎవరికి ఫోను చేయాలన్నా కుదిరేది కాదు. కంపెనీలు తలా ఒక పిన్ను పెట్టుకున్నందుకు ఈ తిప్పలన్నీ జనం పడ్డారు.

2015 ఆగస్టులో షియోమీ వాళ్ల రెడ్‌మీ 2 ప్రైమ్ ఫోనును విశాఖపట్నంలో విడుదల చేశారు. అది మన శ్రీసిటీలో బిగించిన ఫోను. ఆ వార్త చదివి సంతోషపడ్డాను. అయితే ఫోను మన గడ్డ మీద తయారైనా, దాని పిన్ను ఎట్లా ఉండాలో చెప్పే మాట మాత్రం మనది కాలేదు.

ఆ మాట చెప్పింది ఐరోపా. అక్కడ కూడా మొదట బతిమాలి చూశారు. 2009లో పెద్ద కంపెనీలన్నిటినీ పిలిచి, మైక్రో యూఎస్‌బీ అనే ఒకే పిన్నుకు ఒప్పందం రాయించుకున్నారు. ఒప్పందమే గానీ చట్టం కాదు. ఆపిల్ కంపెనీ 2012లో లైట్నింగ్ అని తన సొంత పిన్ను తెచ్చుకుంది. చివరికి ఐరోపా పార్లమెంటు 2022 అక్టోబరు 4న ఓటింగు పెడితే, టైప్-సి ఒక్కటే ఉండాలన్న చట్టానికి 602 మంది అవునన్నారు, 13 మంది కాదన్నారు. 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లు, ట్యాబ్లెట్లు, కెమెరాలు, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు అన్నిటికీ అదే పిన్ను. ల్యాప్‌టాప్‌లకు గడువు 2026 ఏప్రిల్ 28.

ఒకే పిన్ను అని కట్టడి చేస్తే కొత్త ఆవిష్కరణలు ఆగిపోతాయని ఆపిల్ వాదించింది. చట్టం ఖాయమయ్యాక 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15ను టైప్-సితోనే అమ్మకానికి పెట్టింది. ఏ ఆవిష్కరణా ఆగలేదు. రేపు ఇంతకంటే మంచి పిన్ను వస్తే చట్టంలో మార్చుకునే వీలు కూడా పెట్టారు. కాబట్టి ఆ వాదన నేను ఒప్పుకోను.

టైప్-సి మంచి పిన్ను. అంతకు ముందరి మైక్రో పిన్నుకు ఒక పక్క వెడల్పు, ఒక పక్క ఇరుకు. కరెంటు పోయిన చీకట్లో మా ఈడు వాళ్లు తిరగేసి గుచ్చితే లోపలి నాలుక వంగిపోయేది, ఫోను రిపేరుకు పోయేది. టైప్-సికి తలా తోకా లేదు, ఎట్లా పెట్టినా ఎక్కుతుంది. కొత్తవన్నీ చెడ్డవనే మనిషిని కాను నేను. మంచిది దొరికాక కూడా అందరికీ అందనీయకపోవడమే నా బాధ.

మన దేశంలో ఏం జరిగిందో చూడండి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 ఆగస్టులో కంపెనీలను కూర్చోబెట్టి మాట్లాడింది. నవంబరు 16న మళ్లీ సమావేశం పెడితే, స్మార్ట్‌ఫోన్లకు, ట్యాబ్లెట్లకు, ల్యాప్‌టాప్‌లకు టైప్-సి అని అందరూ ఒప్పుకున్నారు. 2023 జనవరిలో ఆ ప్రమాణాల సంస్థే, ఇప్పటి బీఐఎస్, దానికి ప్రమాణం కూడా ప్రకటించింది. అది ప్రమాణమే గానీ ఉత్తర్వు కాదు. పైగా బటన్ ఫోన్లకు వేరే పిన్ను ఉండొచ్చని ఆ సమావేశంలోనే అనుకున్నారు. నా కోపమంతా ఇక్కడే.

బటన్ ఫోను ఎవరి దగ్గరుంటుంది? కూలికి పోయే వాళ్ల దగ్గర, గొర్రెలు మేపే వాళ్ల దగ్గర, ఒంటరిగా ఉండే ముసలివాళ్ల దగ్గర. మొన్న మా ఊరి సెల్ అంగడిలో ఒక అవ్వ కొంగు ముడిలోంచి ఫోను తీసి, "అబ్బీ, మా మనవడి చార్జరు దీనికి పట్టలేదంటనే?" అనింది. "పట్టదవ్వా. వాడిది సి పిన్ను, నీది పాత పిన్ను. వేరేది తీసుకోవాల" అన్నాడు అంగట్లో పిల్లోడు. ముడి విప్పి డబ్బులు లెక్కపెట్టింది. ఇంట్లో నిక్షేపంలాంటి చార్జరు ఉండగా ఆమె ఇంకొకటి కొనాల్సి వచ్చింది. యాభై వేల ఫోను వాడే వాడికి ఒకే పిన్ను సుఖం, కూలి చేసుకునే అవ్వకు రెండు పిన్నుల ఖర్చు! ఇదేం న్యాయం?

పొద్దుటూరులో కమ్మలు కొంటే వాటి మీద హాల్‌మార్కు ఉందా అని చూస్తాం. ఆ ముద్రా బీఐఎస్‌దే. 2021 జూన్ 16 నుంచి దాన్ని దశలవారీగా తప్పనిసరి చేశారు. కాబట్టి అంగళ్లవాళ్లు పాటిస్తున్నారు, జనం నమ్ముతున్నారు. చార్జరు కాలిపోకుండా, షాకు కొట్టకుండా ఉండటానికి కూడా అదే సంస్థ దగ్గర రిజిస్ట్రేషను తప్పనిసరి. చార్జరు మీద చిన్న అక్షరాల్లో ఐఎస్ 13252 అని, కింద ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఇన్ని తప్పనిసరి చేసిన వాళ్లకు పిన్ను ఒక్కటే బరువయిందా?

2020 నుంచి పెద్ద కంపెనీలు డబ్బాలో చార్జరు పెట్టడం కూడా మానుకుంటూ వచ్చాయి. చెత్త తగ్గుతుందట. తగ్గితే మంచిదే. వాడక ఊరికే పడి ఉన్న, పారేసిన చార్జర్ల చెత్త ఒక్క ఐరోపాలోనే ఏడాదికి 11,000 టన్నులని అక్కడి వాళ్లు లెక్కగట్టారు. కానీ డబ్బాలో చార్జరు తీసేసే ముందు, ఇంట్లో ఉన్న చార్జరు పూర్తిగా పనికొచ్చేట్టు చేయాలి గదా. మూతి ఒకటే అయినా ఒక కంపెనీ ఫోనుకు ఇంకొక కంపెనీ చార్జరు పెడితే నత్తనడక ఎక్కుతుంది. ఐరోపా చట్టం ఇది కూడా చూసింది. 15 వాట్లు దాటి చార్జయ్యే ప్రతి పరికరమూ యూఎస్‌బీ పవర్ డెలివరీ అనే ఉమ్మడి పద్ధతిని ఒప్పుకోవాలంది. చార్జరు లోపల ఉందో లేదో డబ్బా మీద బొమ్మ వేయమంది. చార్జరు లేకుండా ఫోను కొనే అవకాశం కొనేవాడికి ఇవ్వమంది. మనకూ అట్లాంటి చట్టమే కావాలి.

అందుకే ఢిల్లీలో కూర్చున్న వాళ్లకు చెప్తున్నాను. టైప్-సిని తప్పనిసరి చేస్తూ తేదీ వేసి ఉత్తర్వు ఇవ్వండి. బటన్ ఫోన్లను అందులో కలపండి. చదివే మీకు కూడా ఒక మాట. ఈసారి మీ ఇంట్లో పెద్దవాళ్లకు బటన్ ఫోను కొనేటప్పుడు, ధర అడగక ముందే టైప్-సి ఉందా అని అడగండి. లేదంటే వద్దని చెప్పి పక్క అంగడికి పోండి.